కాగితానికి చిల్లు పెట్టే రివాల్వర్

రివాల్వర్ అనగానే మనకు సినిమా విలనో, పోలీసు నడుము బెల్టో గుర్తుకొస్తుంది. ఈ వేళ నేను చెప్పబోయే రివాల్వర్లకు ఆ రెండింటితోనూ పెద్దగా చుట్టరికం లేదు. ఇవి గురిపందేల కోసం, కాగితం మీద అచ్చేసిన నల్లటి చుక్కకు చిల్లు పెట్టడం కోసం పుట్టినవి. పాయింట్ 22 అనే అతి చిన్న తూటాతో పేలతాయి. అమెరికాలో 1930 మొదలు 1960ల దాకా తయారైన ఇలాంటి పాత రివాల్వర్లను వెతికి, బేరమాడి, తుడిచి దాచుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో రెండు తెగలు. కొన్నదాన్ని పెట్టెలోంచి బయటికి తియ్యనివాళ్లు ఒక తెగ. ఆదివారం వస్తే రేంజ్‌కి పట్టుకుపోయి కాల్చేవాళ్లు మరో తెగ. నేను రెండో తెగ పక్షం. ఎందుకో చెబుతాను.

మసాచుసెట్స్ రాష్ట్రంలో యంత్రాల విడిభాగాలు చేసే ఒక చిన్న కార్ఖానాలో నేను కొన్నాళ్లు ఇంజనీరుగా ఉన్నాను. అక్కడ జీవితమంతా డైలు అనే లోహపు అచ్చులు చెక్కి రిటైరైన ఒక అమెరికన్ పెద్దాయన ఈ పిచ్చి నాకు అంటించాడు. తుపాకుల మీద మోజు ఉన్న మనిషి కాదాయన. ఇనుము మీద ఆకురాయి ఎలా నడిచిందో చూసి మురిసిపోయే మనిషి. అందుకే ఆయన మాట చెవికెక్కింది.

ముందు తూటా సంగతి తేల్చుకుందాం. పెద్ద తూటాల అడుగున నట్టనడుమ చిన్న బిళ్లలాంటి క్యాప్ ఒకటి బిగించి ఉంటుంది. తుపాకీ సూది దాని మీద పడితే నిప్పు పుడుతుంది. దాన్ని సెంటర్‌ఫైర్ అంటారు. మన చిన్న తూటాకు ఆ బిళ్ల ఉండదు. ఇత్తడి డొప్ప అడుగున చుట్టూ ఒక అంచు ఉంటుంది, ఆ అంచు లోపల బోలు. నిప్పు పుట్టించే రసాయనాన్ని తడిగా డొప్పలో వేసి గిర్రున తిప్పితే అది అంచు పొడుగునా సర్దుకుంటుంది. ఆరాక పైన మందు పోసి, సీసపు గుండు బిగిస్తారు. రివాల్వర్ సుత్తి ఆ అంచును ఎక్కడో ఒకచోట నలిపితే చాలు, పేలుతుంది. అంచు మీద దెబ్బ కనుక రిమ్‌ఫైర్. ఈ పద్ధతిలో సుగుణమూ లోపమూ ఒకే చోట ఉన్నాయి. సుత్తికి నలగాలంటే డొప్ప పలుచగా ఉండాలి. పలుచగా ఉంటే ఎక్కువ ఒత్తిడిని తట్టుకోదు. కాబట్టి ఎప్పటికీ చిన్న తూటాగానే మిగిలింది. ఒకసారి నలిగిన డొప్పను మళ్లీ నింపడమూ కుదరదు. బదులుగా చవక, చప్పుడు తక్కువ, చేతికి కుదుపు దాదాపు లేదు. గురి నేర్చుకునేవాడికి ఇంతకన్నా కావలసింది ఏముంది?

దీనికి మూలపురుషుడు ఫ్రాన్సు దేశస్థుడు ఫ్లోబేర్. 1845 ప్రాంతంలో పారిస్‌లో ఆయన చేసిన చిట్టి తూటాలో మందు కూడా ఉండేది కాదు, ఆ రసాయనమే గుండును తోసేది. పెద్దింటివాళ్లు భోజనాలయ్యాక హాల్లోనే గురి సరదా తీర్చుకునేవారు. అమెరికాలో హోరేస్ స్మిత్, డేనియల్ వెస్సన్ అనే ఇద్దరు ఆ ఊహను పట్టుకుని, డొప్పలో నల్లమందు కూడా పోసి, 1857లో ఏడు తూటాల బుల్లి రివాల్వర్ అమ్మకానికి పెట్టారు. అంతకుముందు అమెరికన్ రివాల్వర్లో మందు, గుండు, క్యాప్ విడివిడిగా దట్టించుకోవలసి వచ్చేది. లోహపు తూటాను వెనకవైపు నుంచి సిలిండర్లోకి జారవిడిచే సౌఖ్యం అక్కడ వీళ్లతోనే మొదలైంది.

ఈ సౌఖ్యం వెనక ఒక అభాగ్యుడున్నాడు. పేరు రోలిన్ వైట్. కోల్ట్ కార్ఖానాలో పనిచేసినవాడు. సిలిండర్‌కు ఈ చివర నుంచి ఆ చివరకు రంధ్రం పెట్టడం మీద 1855లో పేటెంట్ తీసుకున్నాడు. ఆయన పేటెంట్‌లో గీసిన తుపాకీ ఎందుకూ పనికిరాలేదు గానీ, ఆ రంధ్రం ఒక్కటి బంగారమైంది. స్మిత్, వెస్సన్‌లు ఒక్కో రివాల్వర్‌కు పాతిక సెంట్లు ఇస్తామని ఒప్పందం రాసుకున్నారు. రాసుకుంటూ ఒక మెలిక పెట్టారు. పేటెంట్‌ను ఎవరైనా ఉల్లంఘిస్తే కోర్టుకు ఎక్కవలసినవాడు వైట్, ఖర్చూ ఆయనదే. అంతర్యుద్ధం వచ్చింది, రివాల్వర్లకు గిరాకీ పెరిగింది, కాపీ కొట్టేవాళ్లూ పెరిగారు. పాతిక సెంట్లుగా వచ్చిన డబ్బు ప్లీడర్ల ఫీజులకే చాలావరకు పోయింది. 1869లో పేటెంట్ గడువు తీరింది. పొడిగించమంటూ కాంగ్రెస్‌ను ఒప్పించి బిల్లు తెచ్చుకుంటే, 1870 జనవరిలో ప్రెసిడెంట్ గ్రాంట్ దాన్ని వీటో చేశాడు. యుద్ధకాలంలో ఈ పేటెంట్ ప్రభుత్వానికే అడ్డం పడిందని సైనిక ఆయుధ శాఖ చెప్పిన మాట ఆయనకు నచ్చింది. కోర్టు పక్షులు మనకే ఉన్నారనుకుంటాం!

1887లో స్టీవెన్స్ కంపెనీ పాయింట్ 22 లాంగ్ రైఫిల్ అనే తూటాను తెచ్చింది. రెండున్నర గ్రాముల పైచిలుకు గుండు. ఈ రోజుకీ ప్రపంచమంతా కాలుస్తున్నది దీన్నే. పేరులో రైఫిల్ ఉన్నా రివాల్వర్‌లోనూ హాయిగా ఒదుగుతుంది. అప్పటి తూటాలకు ఒక దరిద్రం ఉండేది. పేలిన రసాయనం గొట్టంలో ఉప్పులాంటి మడ్డి వదిలేది. అది గాలిలో తేమను పీల్చుకుని, రాత్రికి రాత్రే తుప్పు పట్టించేది. 1920ల చివర రెమింగ్టన్ కంపెనీ క్లీన్‌బోర్ అనే పేరుతో తుప్పు పట్టించని తూటాలు తెచ్చిన తర్వాత గానీ ఆ బాధ తీరలేదు. అంతకన్నా పాత రివాల్వర్ కొనేవాళ్లు గొట్టంలోకి దీపం వేసి చూడందే పర్సు తియ్యరు. పైకి నిగనిగలాడుతూ లోపల మశూచి మచ్చలతో ఉన్నవి కోకొల్లలు.

గురిపందేల కోసమే పెద్ద పిడితో, పొడుగు గొట్టంతో పాయింట్ 22 రివాల్వర్ కావాలని స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ మెడ మీద కూచున్నవాడు శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి ఫిల్ బెకార్ట్. ఎవరు కొంటారని కంపెనీ నసిగితే, వెయ్యి నేనే కొంటానని ఆర్డరు ఇచ్చాడని చెబుతారు. 1911లో సరుకు వచ్చింది. నడిచింది. కేటలాగులోకి ఎక్కింది. వాటిలో ఆయనకు చేరిన తొలి విడతే అసలైన బెకార్ట్ అని కొందరు, కాదు అదే నమూనాలో వచ్చినవన్నీ బెకార్టేనని కొందరు, సంగ్రాహకులు నేటికీ వాదించుకుంటూనే ఉంటారు. అది ముద్దొచ్చే తుపాకీయే, కానీ చట్రం చిన్నది. పెద్ద చెయ్యి ఉన్నవాడికి పిడికిట్లో నిలవదు.

ఇక అసలు కథానాయకుడు కె-22. 1930 చివర స్మిత్ అండ్ వెస్సన్ దీన్ని ప్రకటించింది. కె అనేది చట్రం సైజు. ఆనాడు అమెరికా పోలీసుల్లో చాలామంది మోసే పాయింట్ 38 రివాల్వర్ చట్రం ఇదే. అదే పిడి, అదే ట్రిగ్గర్, ఆరంగుళాల గొట్టం, లోపల కాలేది మాత్రం చవక తూటా. ఆర్థిక మాంద్యం రోజులు. పెద్ద తూటాలతో సాధన చేస్తే జీతం అటే పోతుంది. అదే చేతికి, అదే బరువుకు అలవాటు తప్పకుండా కానీల ఖర్చుతో సాధన చెయ్యడానికి ఇది దొరికింది. కంపెనీ దీనికి అవుట్‌డోర్స్‌మన్ అని పేరు పెట్టి, యాభై గజాల దూరాన గుళ్లన్నీ అంగుళమున్నర వెడల్పులో పడతాయని ప్రకటనల్లో చెప్పుకుంది. ఆ దూరంలో అమెరికన్ పందెం కాగితం మీద పది మార్కుల వలయం మూడంగుళాల పైచిలుకు ఉంటుంది. అంటే తప్పు జరిగితే కాల్చినవాడిదే, తుపాకీది కాదని ముందే చెప్పేశారన్నమాట! పదేళ్లలో 17 వేల పైచిలుకు అమ్ముడయ్యాయి.

కోల్ట్ కూడా ఊరుకోలేదు. తన ఆఫీసర్స్ మోడల్ టార్గెట్‌ను అదే కాలంలో పాయింట్ 22లోకి దించింది. కోల్ట్ సిలిండర్ కుడివైపుకు తిరుగుతుంది, స్మిత్ సిలిండర్ ఎడమవైపుకు. అమెరికాలో ఈ రెండు పక్షాల అభిమానులు మన దగ్గర హీరోల అభిమానులకు ఏమీ తీసిపోరు. డబ్బు లేనివాళ్లకు హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ వారి తొమ్మిది తూటాల స్పోర్ట్స్‌మన్ ఉండేది. నడుము విరిచి తెరిస్తే ఖాళీ డొప్పలన్నీ తమంతట తామే పైకి ఎగిసిపడతాయి. ఐవర్ జాన్సన్ కంపెనీ ఎనిమిది తూటాల సీల్డ్ ఎయిట్ చేసింది. ఆ సీల్డ్ అనే మాటకు కారణం ఉంది. 1930ల్లో హై స్పీడ్ తూటాలు వచ్చాక పలుచటి అంచు అప్పుడప్పుడు చిట్లి, వేడి వాయువు కాల్చేవాడి మొహం మీదికి చిమ్మేది. దాంతో సిలిండర్ వెనక ప్రతి రంధ్రం చుట్టూ ఒక మెట్టు దింపి, తూటా అంచు అందులో పూర్తిగా మునిగేలా చెయ్యడం మొదలుపెట్టారు. పాత రివాల్వర్ చేతికి వస్తే నేను మొదట చూసేది ఆ మెట్టు ఉందా లేదా అని. లేకపోతే దాంట్లో హై స్పీడ్ తూటా పెట్టను.

కె-22లో నన్ను కట్టిపడేసింది దాని కుడి పక్క మూత. లోపలి యంత్రమంతా ఆ మూత కింద ఉంటుంది. చట్రాన్నీ మూతనూ బిగించి, కలిపి సాన పట్టి, ఆ తర్వాత నీలిరంగు ఎక్కిస్తారు. రెండింటి మధ్య గీత ఎక్కడుందో వెలుతురుకు అటూ ఇటూ వంచి వెతుక్కోవాలి, వెంట్రుక దూరదు. దాన్ని తియ్యడానికి ఎవడైనా స్క్రూడ్రైవర్ మొన గుచ్చి పైకి లేపబోయాడంటే వాడు ఆ మూతను పాడుచేసినట్టే, మళ్లీ ఆ గీత మాయం కాదు. మా పెద్దాయన స్క్రూలు తీసేసి, చెక్క పిడి ఉన్న సుత్తిని తిరగేసి పట్టుకుని, ఆ చెక్కతో రివాల్వర్ పిడి ఇనుము మీద చిన్నగా టకటకా కొట్టేవాడు. నాలుగైదు దెబ్బలకు మూత దానంతట అదే పైకి తేలేది. మళ్లీ పెట్టేటప్పుడు వేలితో నొక్కితే కూచునేది. నేను చూసిన యంత్రాల్లో ఇలా కూచున్న మూతలు మరి కొన్నే.

1940లో కంపెనీ ఇంకో అడుగు వేసింది. సుత్తి ప్రయాణించే దూరం తగ్గించింది, వెనక గురిపలకకు సన్నటి మర తిప్పుళ్లు పెట్టింది, మాస్టర్‌పీస్ అని పేరు మార్చింది. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం. 1,067 మాత్రమే తయారై ఆగిపోయాయి. ఇవాళ సంగ్రాహకుల కలల్లోకి వచ్చేవి ఇవే. యుద్ధం ముగిశాక 1946 చివర మళ్లీ మొదలుపెట్టి, నంబరు ముందు కె అక్షరం చేర్చారు. ఆ తర్వాత ఒకే అచ్చులో పోసినట్టు మూడు రివాల్వర్లు వచ్చాయి. పాయింట్ 22 ఒకటి, పాయింట్ 32 ఒకటి, పాయింట్ 38 ఒకటి. గొట్టంలో రంధ్రం పెద్దదైతే ఇనుము తగ్గుతుంది కదా, ఆ తేడా చేతికి తెలియకుండా గొట్టం మీది పట్టీ వెడల్పు మార్చి మూడింటి బరువూ కిలో పైన ఒకే చోట నిలిపారు. ఇది లెక్కలు చూసుకునేవాడికి పుట్టే ఆలోచన కాదు. పందెంలో నిలబడినవాడి చేతి బాధ తెలిసినవాడి ఆలోచన. 1957లో పేర్లు పోయి నంబర్లు వచ్చాయి. కె-22 కాస్తా మోడల్ 17 అయింది.

మరి ఇంత మంచివి పందేల్లోంచి ఎందుకు తప్పుకున్నాయి? ఓహాయోలో ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ అనే చోట 1907 నుంచి అమెరికా జాతీయ పందేలు జరుగుతున్నాయి. అమెరికన్ బుల్స్‌ఐ పద్ధతిలో ఒంటి చేత్తో కాల్చాలి. మొదట యాభై గజాల నుంచి పది గుళ్లకు పది నిమిషాలు, నిదానమైన భాగం. ఇక్కడ రివాల్వర్‌కు తిరుగులేదు. తర్వాత పాతిక గజాల నుంచి ఐదు గుళ్లకు ఇరవై సెకన్లు. ఆ తర్వాత ఐదు గుళ్లకు పదే సెకన్లు. ప్రతి గుండుకూ బొటనవేలితో సుత్తిని వెనక్కి లాగాలి. లాగినప్పుడల్లా పట్టు సడలుతుంది, మళ్లీ సర్దుకోవాలి, మళ్లీ గురి చూడాలి, ఇదంతా రెండు సెకన్లలో. ఆటోమేటిక్ పిస్టల్ పట్టినవాడికి ఈ తిప్పలు లేవు, వేలు నొక్కుతూ పోవడమే. కోల్ట్ వుడ్స్‌మన్ 1915 నుంచే ఉంది. హై స్టాండర్డ్ పిస్టళ్లు వచ్చాయి, 1949లో రూగర్ చవక పిస్టల్ వచ్చింది. చివరికి స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీయే మోడల్ 41 పేరిట పాయింట్ 22 ఆటోమేటిక్‌ను తెచ్చి తన బిడ్డకు తానే పోటీ పెట్టింది. రివాల్వర్ ఓడింది గురిలో కాదు, గడియారం దగ్గర.

అలా పక్కకు జరిగినవే ఇప్పుడు పాత సరుకు దుకాణాల్లో, తుపాకుల సంతల్లో, వేలంపాటల్లో తేలుతున్నాయి. కొనేటప్పుడు అనుభవజ్ఞులు చూసేవి కొన్ని ఉన్నాయి. పిడి అడుగున కొట్టిన నంబరు, సిలిండర్ వెనకముఖం మీది నంబరు, గొట్టం కింది నంబరు ఒకటే కావాలి. చెక్క పిడి కుడి బద్ద లోపలా అదే నంబరు ఉంటే మరీ మంచిది. స్క్రూల గాడులు నలిగి ఉంటే ఎవడో చేతగానివాడు విప్పాడని అర్థం. కంపెనీ అక్షరాల అంచులు మెత్తబడి, స్క్రూ రంధ్రాల చుట్టూ చిన్న గుంటలా ఉంటే తర్వాత సాన పట్టి మళ్లీ రంగు వేశారన్నమాట. అది ఎంత మెరిసినా సంగ్రాహకుడి దృష్టిలో విలువ పోయినట్టే. తర్వాత సుత్తిని అతి నెమ్మదిగా వెనక్కి లాగుతూ చూడాలి. సుత్తి పూర్తిగా వెనక్కి చేరేలోపే సిలిండర్ టక్కున తన చోట బిగుసుకోవాలి. సిలిండర్లో తూటాలు పట్టే ఆరు గదులకూ ఆరుసార్లు ఇలా చూడాలి. ఒక్క గది వెనకబడినా గుండు గొట్టం నోట్లోకి సూటిగా దూకదు, అంచుకు రాసుకుని సీసం పొట్టు చిమ్ముతుంది. తుపాకీ ఖాళీగా ఉందో లేదో ఈ పరీక్షలన్నిటికన్నా ముందు, ప్రతిసారీ, మీ కళ్లతో మీరే చూసుకోవాలని వేరే చెప్పనక్కరలేదు.

మరొక మాట, తెలుగువాళ్లకు ప్రత్యేకించి. మన సినిమాల్లో హీరో తూటాలు నింపి మణికట్టు ఒక్కసారి విదిలించి సిలిండర్‌ను ఠక్కున మూస్తాడు. సంతలో ఎవరైనా అలా మూస్తే అమ్మేవాడు వస్తువు చేతిలోంచి లాక్కుంటాడు. సిలిండర్‌ను మోసే చెయ్యి సన్నటిది, అలాంటి దెబ్బలకు వంగుతుంది, వంగితే గదులు గొట్టానికి ఎదురుగా నిలవవు. రెండో చేత్తో నెమ్మదిగా తోసి మూయడమే పద్ధతి.

ఇక పెట్టెల పిచ్చి. రివాల్వర్ వచ్చిన అట్టపెట్టె, దాని అడుగున పెన్సిల్‌తో రాసిన అదే నంబరు, లోపలి కాగితం, చిన్న స్క్రూడ్రైవర్, తుడుపుకర్ర, ఇవన్నీ ఉంటే ధర ఎక్కడికో పోతుంది. కంపెనీ పాత రిజిస్టర్ల నుంచి ఈ నంబరు ఫలానా తేదీన ఫలానా వ్యాపారికి వెళ్లిందని ఉత్తరం తెప్పించుకోవచ్చు. దశాబ్దాలుగా ఆ పని చేసిన రాయ్ జింక్స్ పేరు ఈ లోకంలో తెలియనివాళ్లు లేరు. ఆ ఉత్తరం నాకూ ఇష్టమే, చరిత్ర కనుక. కానీ అట్టపెట్టె కోసం వందల డాలర్లు పోయడం, ఎన్నడూ పేలని తుపాకీ అని మురిసిపోయి తనూ పేల్చకుండా దాచడం నాకు మింగుడుపడదు. సుత్తి ప్రయాణం తగ్గించినవాడు, గొట్టం మీది పట్టీ బరువు తూచినవాడు బీరువా కోసం ఆ కష్టం పడలేదు. ఆ పని బాగుందో లేదో తెలిసే చోటు ఒకటే, రేంజ్.

రేంజ్‌లో ఏం జరుగుతుందో చెబుతాను. చెవులకు మఫ్‌లు, కళ్లకు అద్దాలు. కాగితానికి కుడి భుజం తిప్పి నిలబడి, ఎడం చెయ్యి జేబులో పెట్టుకుంటాం. బొటనవేలితో సుత్తి లాగితే రెండు మెత్తటి చప్పుళ్లతో వెనక నిలుస్తుంది. గొట్టం చివర నిలువుగా నల్లటి చదరపు పలక ఉంటుంది. దాన్ని పాట్రిడ్జ్ సైట్ అంటారు, పందొమ్మిదో శతాబ్దం చివర దాన్ని ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ గురికాడి పేరు అది. వెనక పలకలోని గాడిలో ఆ ముందు పలక నిలబడాలి, రెండు పక్కలా సమానంగా వెలుతురు గీతలు కనిపించాలి. కొత్తవాడి కన్ను లక్ష్యం వైపు పరిగెడుతుంది. అక్కడే గురి చెడుతుంది. చూడవలసింది ముందు పలకను, లక్ష్యం మసకగా ఉంటే ఉండనీ. చెయ్యి ఎలాగూ కదులుతుంది, ఎవరి చెయ్యైనా కదులుతుంది. ఆ కదలికను ఒప్పుకుని, ట్రిగ్గర్ మీద ఒత్తిడిని కొంచెం కొంచెంగా పెంచాలి. కె-22 ట్రిగ్గర్‌కు కిలోన్నర అటూ ఇటుగా ఒత్తిడి చాలు. లోపల ఏ జరుగుబాటూ తెలియదు. ఎప్పుడు తెగుతుందో కాల్చేవాడికే ముందుగా తెలియకుండా తెగితే ఆ గుండు సూటిగా పోయినట్టు. ఇప్పుడు పేలాలి అని మనసు అనుకున్న క్షణాన మణికట్టు ముడుచుకుంటుంది, గుండు కిందికీ పక్కకీ పోతుంది. పెద్ద తూటా అయితే ఆ తప్పును కుదుపులో దాచేస్తుంది. ఈ చిన్న తూటాకు కుదుపు లేదు, తప్పు మన కళ్లముందే బయటపడుతుంది.

తూటా ఎంపికలోనూ కిటుకు ఉంది. వేగంగా పోయేది మంచిదనుకుంటారు చాలామంది. ధ్వని వేగం లోపే పోయే మామూలు తూటాయే గురికి మేలు. పొడుగు రైఫిల్ గొట్టంలోంచి కాలిస్తే హై స్పీడ్ తూటా ధ్వని వేగాన్ని దాటి బయల్దేరి, దారిలో మళ్లీ దాని కిందికి జారుతుంది. జారేచోట గుండు తొట్రుపడుతుంది. పైగా ఒక్కో రివాల్వర్‌కు ఒక్కో కంపెనీ తూటా నప్పుతుంది. ఎందుకని అడిగితే ఎవరి సిద్ధాంతం వాళ్లు చెబుతారు, నాలుగు రకాలు తెచ్చి కాల్చి చూసుకోవడమే దారి. శ్రద్ధ ఉన్నవాళ్లు ఆరు గదులకూ నంబర్లు వేసుకుని, ఒక్కో గదితో విడిగా కాల్చి చూస్తారు. ఆరింటిలో ఒకటి ఎప్పుడూ దారి తప్పే గది దొరికిందంటే, పందెంలో దాన్ని ఖాళీగా వదిలేసి ఐదింటితోనే కానిస్తారు. ఎలాగూ పందెంలో వేగం విడతలకు ఐదేసి గుళ్లే కదా.

ఇంటికొచ్చాక ఇంకో జాగ్రత్త. తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి సాధన చెయ్యడం మంచి అలవాటే, కానీ పాత రిమ్‌ఫైర్లలో సూది నేరుగా గది అంచు ఇనుముకు తగిలి గుంట చేసే ప్రమాదం ఉంది. గుంట పడితే తూటా సరిగా దిగదు, డొప్ప బయటికి రాదు. దీనికి అమెరికాలో కనిపెట్టిన విరుగుడు చూసి నవ్వుకున్నాను. గోడకు ఫొటోలు తగిలించేటప్పుడు స్క్రూ కోసం కొట్టే పసుపుపచ్చ ప్లాస్టిక్ ప్లగ్గులుంటాయే, అవి తీసుకొచ్చి గదుల్లో దోపుతారు. చక్కగా సరిపోతాయి. రూపాయి ఖర్చుతో వందల డాలర్ల వస్తువుకు రక్ష. గొట్టం తుడిచేటప్పుడు రివాల్వర్‌కు వెనక నుంచి దారి ఉండదు, ముందు నుంచే కర్ర పెట్టాలి. ఆ కర్ర గొట్టం మూతి అంచును రాయకుండా చూసుకోవాలి, గుండు చివరిసారి వదిలేది ఆ అంచునే. సీసం పని కనుక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే కాఫీ.

మన దేశానికి వద్దాం. పాత రివాల్వర్ల సేకరణ ఇక్కడ కుదిరే సరదా కాదు. 1959 ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో మామూలు లైసెన్సుదారు ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. గుర్తింపు పొందిన షూటర్లకు వేరే వెసులుబాట్లు ఉన్నాయి. అమెరికాలో కొని సూట్‌కేసులో పడేసుకుని వచ్చే వస్తువు అసలే కాదు. అయితే ఆ చిన్న తూటా మాత్రం మనకు పరాయిది కాదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ విభాగంలో జట్టుతో స్వర్ణం, వ్యక్తిగతంగా రజతం గెలిచింది ఈ పాయింట్ 22 తూటాతోనే. ఆమె చేతిలోది ఆధునిక పిస్టల్. తూటా 1887 నాటిది. మీ పిల్లలకు ఆసక్తి ఉంటే రైఫిల్ క్లబ్బులో చేర్చండి. ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెడతారు, పాయింట్ 22 దాకా క్రమంగా వెళ్తారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక హెచ్చరిక, ఒక సలహా. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి అక్కడి ఫెడరల్ చట్టం సాధారణంగా తుపాకీ ఉంచుకోనివ్వదు. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, వాటి సంగతి న్యాయవాదిని అడిగి తెలుసుకోండి, తోటి ఉద్యోగి మాట నమ్మకండి. గ్రీన్‌కార్డు వచ్చినవారూ తమ రాష్ట్రం చట్టం చూసుకోవాలి, మసాచుసెట్స్‌కూ టెక్సాస్‌కూ పోలికే లేదు. ఇంట్లో పిల్లలుంటే రివాల్వర్ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో.

ఇన్నీ కుదిరి, కొనాలనే అనిపిస్తే నా సలహా ఇది. 1,067 మాత్రమే తయారైన ఆ మాస్టర్‌పీస్ జోలికి పోకండి, అది కొన్నవాడికి కాల్చే ధైర్యం ఉండదు. 1950ల నాటి కె-22 చూడండి. ఒర లోపల రాసుకుని గొట్టం అంచున నీలిరంగు పోయినా ఫరవాలేదు. గొట్టం లోపల శుభ్రంగా ఉండాలి, ఆరు గదులూ టక్కున బిగుసుకోవాలి, స్క్రూలు నలిగి ఉండకూడదు. అట్టపెట్టెతో కలిపి అమ్ముతానంటే పెట్టె వద్దనండి. ఆ మిగిలిన డబ్బుతో మామూలు వేగం తూటాలు కొనుక్కోండి.